బహుబృంద క్యాంపెయిన్: ఒకే ఆటలోకంలో వేర్వేరు స్థాయుల పాత్రలు

పాత్రధారణ ఆటలు, అంటే వాడుకలో రోల్‌ప్లేయింగ్ గేములు, కొందరు ఆటగాళ్లు బల్ల చుట్టూ కూర్చొని తలా ఒక కల్పిత పాత్రను చేపట్టి, ఆ పాత్ర ఏం చేస్తుందో మాటల్లో చెబుతూ, ఫలితం సందేహాస్పదమైన చోట పాచికలు వేసి తేల్చుకుంటూ, అందరూ కలిసి కథను ముందుకు నడిపే ఆటలు. ఇలాంటి ఆట ఒక పూటతో ముగియక నెలలు, సంవత్సరాల తరబడి సాగితే ఆ మొత్తాన్ని క్యాంపెయిన్ అంటారు. చాలా క్యాంపెయిన్లలో ఒకే బృందం ఉంటుంది. ఆ బృందంలోని వారంతా ఇంచుమించు ఒకే బలంతో మొదలై, ఒకే వేగంతో ఎదుగుతారు. బహుబృంద క్యాంపెయిన్ ఇందుకు భిన్నమైనది. ఇందులో ఒకే కల్పిత లోకాన్ని, ఒకే కాలక్రమాన్ని ఆధారం చేసుకొని రెండు లేదా అంతకంటే ఎక్కువ బృందాలు నడుస్తాయి. వాటిలో ఒకటి అప్పుడే ఊరు దాటిన అనామకులది కావచ్చు, మరొకటి రాజ్యాల భవితవ్యాన్ని నిర్ణయించగల మహావీరులది కావచ్చు. ఒక బృందం చేసిన పని మరో బృందానికి వార్తగానో ఆపదగానో అవకాశంగానో చేరుతుంది. అందువల్ల ఈ పద్ధతిలో కథానాయకత్వం ఏ ఒక్క వీరుడికీ చెందక, అందరూ పంచుకునే లోకానికే చెందుతుంది.

పరిభాష

ఈ ఆటల్లో లోకాన్ని వర్ణించి, శత్రువులను, అపరిచితులను నడిపించి, నియమాలను అన్వయించే వ్యక్తిని గేమ్ మాస్టర్ అంటారు. ఈ వ్యాసంలో నిర్వాహకులు అనే మాట ఆ అర్థంలోనే వాడబడింది. ఒక పూట కూర్చొని ఆడిన భాగం సెషన్. పాత్ర శక్తిసామర్థ్యాలను సూచించే అంకె లెవెల్, అంటే స్థాయి. శత్రువులను ఓడించినందుకు, నిధులను తెచ్చినందుకు, లక్ష్యాలను సాధించినందుకు లభించే అనుభవ పాయింట్లు నిర్ణీత పరిమాణానికి చేరినప్పుడు పాత్ర పై స్థాయికి వెళుతుంది. పాత్ర ఎంత దెబ్బకు తట్టుకోగలదో చెప్పే లెక్కను హిట్ పాయింట్లు అంటారు. భూగర్భంలో అంతస్తులుగా విస్తరించిన సొరంగాల చిక్కుముడిని డంజన్ అనడం ఈ ఆటల వాడుక. అన్ని ఆటల్లోనూ స్థాయులు ఉండవు. 1977లో మార్క్ మిల్లర్ రూపొందించిన ట్రావెలర్ వంటి ఆటల్లో పాత్రలు ఉద్యోగానుభవంతోనే ఆటలోకి వస్తాయి, ఆ తర్వాత వాటి శక్తి పెద్దగా మారదు. కాబట్టి స్థాయి భేదం అనే సమస్య, స్థాయి మీద ఆధారపడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కుటుంబపు ఆటల్లోనే తీవ్రంగా కనిపిస్తుంది.

ఆవిర్భావం

ఒక లోకంలో అనేక బృందాలు అన్నది తరువాతి కాలం వారు జోడించిన అలంకారం కాదు. పాత్రధారణ ఆట పుట్టుకలోనే అది ఉంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1969లో డేవిడ్ వెస్లీ నిర్వహించిన బ్రౌన్‌స్టైన్ అనే యుద్ధక్రీడలో ఆటగాళ్లకు సైన్యాలకు బదులు ఒక పట్టణంలోని వ్యక్తుల పాత్రలు దక్కాయి. ఆ పాత్రల హోదాలు వేరు, లక్ష్యాలు వేరు, చేతిలోని సాధనాలు వేరు. ఆ ఆటలో పాల్గొన్న డేవ్ ఆర్నెసన్ 1971లో బ్లాక్‌మూర్ అనే కల్పిత సీమలో తన క్యాంపెయిన్ ఆరంభించాడు. ఆర్నెసన్ ఆటను చూసి ఉత్తేజితుడైన గ్యారీ గైగాక్స్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాలో 1972లో గ్రేహాక్ క్యాంపెయిన్ మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి రాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో మూడు చిన్న పుస్తకాల సంపుటిగా వెలువడింది.

ఆ తొలి పుస్తకాలు ఒకే క్యాంపెయిన్‌లో నలుగురి నుంచి యాభై మంది వరకు ఆటగాళ్లు ఉండవచ్చని, ఇరవై మందికి ఒక నిర్వాహకుడు చొప్పున ఉండటం మేలని సూచించాయి. ఇరవై మంది ఒకే రోజు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం సాధ్యం కాదు కాబట్టి, ఎవరికి వీలైన రోజున వారు వచ్చి, ఆ రోజు ఉన్నవారితో బృందంగా ఏర్పడి డంజన్‌లోకి దిగేవారు. గ్రేహాక్‌లో మొదట ఆడిన వారు గైగాక్స్ పిల్లలు ఎర్నీ, ఎలీజ్. ఆ వెంటనే వచ్చిన రాబ్ కుంట్జ్ తన రోబిలార్ అనే వీరుడితో చాలాసార్లు ఒంటరిగానే, లేదా క్విజ్ అనే ఓర్క్ జాతి అనుచరుడిని వెంటబెట్టుకొని, లోతట్టు అంతస్తుల్లో తిరిగాడు. కుంట్జ్ తరువాత సహనిర్వాహకుడు కావడంతో గైగాక్స్ స్వయంగా ఆటగాడిగా మారి మోర్డెన్‌కైనెన్ అనే మాంత్రికుడిని పెంచాడు. ఆ క్రమంలో ఓడిపోయి లొంగిన బిగ్బీ అనే చిన్న మాంత్రికుడు మోర్డెన్‌కైనెన్‌కు అనుచరుడై, క్రమంగా ఎదిగి, స్వతంత్రంగా పేరు పొందాడు. ఇలా పెద్ద పాత్ర నీడలో చిన్న పాత్ర మొలకెత్తి, ఒకే ఆటగాడి చేతిలో వేర్వేరు స్థాయుల పాత్రల సముదాయం ఏర్పడటం తొలినాటి నుంచే సహజంగా జరిగిన పరిణామం.

డంజన్ నిర్మాణం కూడా ఈ వైవిధ్యానికి అనుకూలంగా ఉండేది. పై అంతస్తులో బలహీన శత్రువులు, స్వల్ప నిధులు. లోతుకు దిగే కొద్దీ ప్రమాదం, లాభం రెండూ పెరుగుతాయి. దీని వల్ల తమ సత్తాకు తగిన లోతు ఏదో బృందమే నిర్ణయించుకునేది; ఒకే సొరంగం కొత్తవారికీ ఆరితేరినవారికీ సరిపోయేది. బలవంతులు పై అంతస్తులోని బలహీనులను చంపి సులభంగా ఎదగకుండా, ఉదాహరణకు ఎనిమిదో స్థాయి మాంత్రికుడు ఐదో అంతస్తులో సంపాదించిన అనుభవంలో ఎనిమిదింట ఐదు వంతులే లెక్కలోకి వచ్చే నియమం ఉండేది.

కాలగణన

అనేక బృందాలు ఒకే లోకంలో ఉన్నప్పుడు ముందుగా తేల్చుకోవలసింది కాలం. ఒక బృందం ఒక రాత్రి జరిగే సంఘటనలను మూడు సెషన్లలో ఆడవచ్చు. మరో బృందం రెండు నెలల ప్రయాణాన్ని అరగంటలో ముగించవచ్చు. అప్పుడు మొదటి బృందం కాల్చేసిన వంతెన మీదుగా రెండో బృందం అంతకుముందే నడిచి వెళ్లినట్టు తేలితే కథ తనను తానే ఖండించుకుంటుంది. 1979లో వెలువడిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ నిర్వాహక గ్రంథంలో గైగాక్స్ ఈ విషయంపై గట్టిగా పట్టుబట్టాడు. కాలాన్ని ఖచ్చితంగా నమోదు చేయని క్యాంపెయిన్‌కు అర్థం ఉండదన్నది ఆయన వాదం. సెషన్ల మధ్య వాస్తవంలో ఒక రోజు గడిస్తే ఆటలోకంలోనూ ఒక రోజు గడిచినట్టు లెక్కించాలని ఆయన సూచించాడు. గాయం మానడానికో మంత్రం నేర్చుకోవడానికో నెల రోజులు కావలసిన పాత్ర ఆ నెలంతా ఆటకు దూరమవుతుంది. ఆటగాడు ఆ లోగా మరో పాత్రను, తరచుగా తక్కువ స్థాయి పాత్రను, చేపడతాడు. కాలనియమమే ఆటగాడి చేతికి రెండో పాత్రను, మూడో పాత్రను ఇచ్చిందన్నమాట.

తరువాతి వారు ఈ కఠిన నియమాన్ని మూడు రకాలుగా సడలించారు. మొదటిది, ప్రతి సెషన్ చివర బృందం సురక్షిత స్థావరానికి తిరిగి రావాలన్న నియమం. దీనితో ఏ బృందమూ కాలం మధ్యలో వేలాడదు. రెండోది, ఋతువులుగా లేదా సంవత్సరాలుగా కాలాన్ని విభజించి, ఒక విభాగంలో అన్ని బృందాల వంతు పూర్తయిన తరువాతే తదుపరి విభాగానికి వెళ్లడం. మూడోది, బృందాలను భౌగోళికంగా దూరంగా ఉంచి, వార్త ఒక చోటి నుంచి మరో చోటికి చేరడానికి పట్టే వ్యవధిని కాలభేదానికి ఆసరాగా వాడుకోవడం.

స్థాయి భేదపు లెక్క

వేర్వేరు స్థాయుల పాత్రలు ఒకే బృందంలో కలిసినప్పుడు అన్యాయం జరుగుతుందన్న భయం సర్వసాధారణం. అయితే తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్ లెక్కల్లోనే దానికి కొంత విరుగుడు ఉంది. అందులో యోధుడు రెండో స్థాయికి చేరడానికి 2,000 అనుభవ పాయింట్లు కావాలి. మూడో స్థాయికి 4,000, నాలుగుకు 8,000, ఐదుకు 16,000, ఆరుకు 32,000, ఏడుకు 64,000. ఒక్కో మెట్టుకు అవసరం రెట్టింపవుతుంది. ఆరో స్థాయి యోధుడు ఏడో స్థాయికి చేరడానికి మరో 32,000 పాయింట్లు సంపాదించేలోగా, అతనితో సమాన వాటా పొందిన కొత్త యోధుడు సున్నా నుంచి బయలుదేరి ఆరో స్థాయికి చేరుకుంటాడు. బతికి ఉంటే చాలు, ఆలస్యంగా వచ్చినవారు ముందున్నవారిని దాదాపు అందుకుంటారు. అయితే ఆ బతకడమే కష్టం. తక్కువ హిట్ పాయింట్లున్న పాత్రకు పెద్ద శత్రువు ఒక్క దెబ్బ చాలు.

తరువాతి సంచికల్లో స్థాయులను దశలుగా విడదీసే ధోరణి బలపడింది. ఫ్రాంక్ మెంట్జర్ 1983 నుంచి 1986 వరకు సిద్ధం చేసిన అయిదు పెట్టెల పరంపరలో మొదటి పెట్టె 1 నుంచి 3 స్థాయులకు, రెండోది 14 వరకు, మూడోది 25 వరకు, నాలుగోది 36 వరకు ఉద్దేశించగా, చివరిది అమరత్వం పొందిన పాత్రలకు కేటాయించబడింది. తొలి దశల్లో సొరంగాలు, అడవులు. మూడో దశలో భూస్వామ్యం, పరిపాలన, యుద్ధాలు. ఆ పై దశల్లో లోకాంతర యాత్రలు. 2014లో వచ్చిన ఐదో సంచిక 1 నుంచి 4, 5 నుంచి 10, 11 నుంచి 16, 17 నుంచి 20 అనే నాలుగు అంచెలను గుర్తించి, తొలి అంచెలో ఊరి సమస్యలు, చివరి అంచెలో లోకం మొత్తానికి సంబంధించిన సంకటాలు ఉండాలని సూచించింది. ఈ విభజన బహుబృంద క్యాంపెయిన్‌కు గొప్ప ఆధారం, ఎందుకంటే స్థాయి భేదం బలంలోని హెచ్చుతగ్గు మాత్రమే కాదనీ, చేసే పనిలోని భేదమనీ ఇది స్పష్టం చేస్తుంది. ఊరి బావిలో విషం ఎవరు కలిపారో కనుక్కోవడం మహావీరుడికి చిన్న పని కాదు. అది అతనికి అసలు కనిపించని పని.

ప్రధాన రూపాలు

బహుబృంద ఆట గత యాభై ఏళ్లలో పలు రూపాలు సంతరించుకుంది. మొదటిది అనుచర రూపం. ప్రధాన పాత్ర తన ఆకర్షణశక్తిని బట్టి కొందరు అనుచరులను కూడగట్టుకుంటుంది. ప్రధాన పాత్ర తీరికలేక ఉన్నప్పుడో మరణించినప్పుడో ఆ అనుచరుడే ఆటగాడి పాత్ర అవుతాడు. రెండోది పాత్రావృక్ష రూపం. 1991లో టిమోతీ బ్రౌన్, ట్రాయ్ డెన్నింగ్ రూపొందించిన డార్క్ సన్ అనే ఎడారి లోకంలో మరణం అతి సాధారణం కాబట్టి, ప్రతి ఆటగాడు నాలుగు పాత్రలను సిద్ధం చేసుకొని ఒకదాన్ని ఆడుతూ మూడింటిని నిలవ ఉంచుకోవాలి. ఆడుతున్న పాత్ర ఒక స్థాయి ఎదిగినప్పుడు నిలవ ఉన్న వాటిలో ఒకటి కూడా ఒక స్థాయి ఎదుగుతుంది. దీనివల్ల పక్కన ఉన్న పాత్ర మరీ వెనకబడిపోదు.

మూడోది మేళ రూపం. జోనాథన్ ట్వీట్, మార్క్ రైన్‌హేగన్ 1987లో వెలువరించిన ఆర్స్ మ్యాజికా దీనికి ప్రామాణికం. మధ్యయుగ ఐరోపాను పోలిన లోకంలో మాంత్రికులు మఠం వంటి ఉమ్మడి నివాసంలో ఉంటారు. ప్రతి ఆటగాడికి మహాశక్తిమంతుడైన ఒక మాంత్రికుడు, మధ్యరకం సామర్థ్యం గల ఒక సహచరుడు ఉంటారు. వీరితోపాటు గ్రాగ్‌లు అనే కావలివాళ్లు, పనివాళ్లు ఎవరి సొత్తూ కాకుండా అందరికీ ఉమ్మడిగా ఉంటారు. ఒక కథలో మాంత్రికుడిని ఆడినవారు మరుసటి కథలో కావలివాడిని ఆడతారు. నిర్వాహక బాధ్యత కూడా చేతులు మారుతుంది. శక్తిలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడాను ఈ ఆట దాచదు, సరిచేయదు. ఆ తేడా భారాన్ని, ఆనందాన్ని అందరికీ వంతులవారీగా పంచుతుంది. సమానత్వాన్ని పాత్రల మధ్య కాకుండా ఆటగాళ్ల మధ్య నెలకొల్పిన ఈ ఆలోచన, బహుబృంద ఆట చరిత్రలో అత్యంత ముఖ్యమైన మలుపు.

నాలుగోది తరాల రూపం. గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో ప్రచురించిన కింగ్ ఆర్థర్ పెండ్రాగన్‌లో సాధారణంగా ఏడాదికొక సాహసం మాత్రమే ఉంటుంది. చలికాలంలో పెళ్లిళ్లు, సంతానం, పంటలు, వార్ధక్యం పాచికలతో నిర్ణయమవుతాయి. వీరుడు చనిపోతే అతని వారసుడు రంగంలోకి దిగుతాడు. దీని కోసం తరువాత వెలువడిన బృహత్ క్యాంపెయిన్ గ్రంథం దాదాపు 80 ఏళ్ల కాలాన్ని కవర్ చేస్తుంది. ఐదోది జల్లెడ రూపం. జోసెఫ్ గుడ్‌మన్ 2012లో తెచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో ఆటగాళ్లు తలా కొందరు సున్నా స్థాయి రైతులను, కంసాలులను, గొర్రెల కాపరులను ఆపదలోకి పంపుతారు. బతికి బయటపడినవారే మొదటి స్థాయి వీరులవుతారు.

ఆరోది తెరిచిన బల్ల రూపం. బెన్ రాబిన్స్ నిర్వహించిన వెస్ట్ మార్చెస్ క్యాంపెయిన్ వల్ల ఈ పేరే ఒక పద్ధతికి సంకేతమైంది. ఇందులో స్థిరమైన బృందం లేదు, స్థిరమైన వారం లేదు. పది పన్నెండు మంది ఆటగాళ్లలో ఎవరు కలిసి ఎక్కడికి వెళ్లాలో వారే నిర్ణయించుకొని నిర్వాహకులకు చెబుతారు. పట్టణం సురక్షితం, దూరం పెరిగే కొద్దీ అడవి భయంకరం. ఒక బృందం గీసిన పటం, చెప్పిన కబురు మరో బృందానికి పెట్టుబడి అవుతుంది. ఏడోది సైనికదళ రూపం. 2019 నాటి బ్యాండ్ ఆఫ్ బ్లేడ్స్‌లో ఆటగాళ్లు ఓడి వెనుదిరుగుతున్న దళంలో సేనాని, సరఫరా అధికారి, చరిత్రకారుడు వంటి పదవులను వహిస్తూ నిర్ణయాలు తీసుకొని, ఆ నిర్ణయాల ఫలితాన్ని అనుభవించే కొత్త సిపాయిల పాత్రలను కూడా తామే ఆడతారు. ఆజ్ఞ ఇచ్చిన చేయి, ఆజ్ఞకు బలి అయిన ప్రాణం ఒకే ఆటగాడివి కావడం ఈ రూపపు నైతిక బలం.

చివరిది సంస్థాగత రూపం. 1980లో ఏర్పడిన రోల్‌ప్లేయింగ్ గేమ్ అసోసియేషన్ ఆధ్వర్యంలో నడిచిన లివింగ్ గ్రేహాక్ 2000 నుంచి 2008 వరకు వాస్తవ ప్రపంచంలోని ప్రాంతాలను కల్పిత రాజ్యాలకు ముడిపెట్టి, వేలాది బల్లలను ఒకే క్యాంపెయిన్‌గా కలిపింది. పాత్రల స్థాయిని బట్టి ఒకే సాహసం వేర్వేరు తీవ్రతలలో నడిచేది. ఆటగాడు ఎక్కడికి వెళ్లినా అతని పాత్ర, దాని నమోదు పత్రం అతనితోనే వెళ్లేవి.

నిర్వహణలో చిక్కులు, పరిష్కారాలు

ఈ పద్ధతికి ఎదురయ్యే తొలి చిక్కు జ్ఞానభేదం. ఒకే ఆటగాడు రెండు బృందాల్లోనూ ఉంటే పై స్థాయి పాత్రకు తెలిసిన రహస్యం కింది స్థాయి పాత్రకు తెలియనట్టు నటించవలసి వస్తుంది. అనుభవజ్ఞులైన నిర్వాహకులు రహస్యాన్ని నిషేధించడం కన్నా దాన్ని నాటకీయతకు వాడుకోవడం మేలని గుర్తించారు: ద్రోహి ఎవరో ఆటగాళ్లకు తెలిసి, పాత్రలకు తెలియని స్థితిలో ప్రతి మాటకూ బరువు పెరుగుతుంది.

రెండో చిక్కు ఆసక్తిలో అసమానత. మహావీరుల కథ రుచి మరిగిన ఆటగాళ్లకు అనామకుల కథ నీరసంగా తోచవచ్చు. దీనికి మందు, కింది బృందం చేసే పని పై బృందానికి ఎన్నటికీ సాధ్యం కానిదిగా ఉండటం. కోటలోకి చక్రవర్తి వేషంలో వెళ్లలేరు, కానీ వంటింటి మనిషిగా వెళ్లవచ్చు. పేరున్నవారికి తెరుచుకునే తలుపులు వేరు, పేరు లేనివారికి తెరుచుకునేవి వేరు. మూడో చిక్కు రక్షక వ్యామోహం: కింది బృందం ఆపదలో పడ్డ ప్రతిసారీ పై బృందం వచ్చి గట్టెక్కిస్తే కింది బృందపు ప్రయత్నానికి విలువ పోతుంది. దూరం, సమయాభావం, అంతకంటే పెద్ద బాధ్యతలు పై బృందాన్ని అడ్డుకునేలా లోకాన్ని ముందే అమర్చుకోవాలి. నాలుగో చిక్కు నిర్వాహకుల శ్రమ. కాలక్రమ పట్టిక, వదంతుల జాబితా, ప్రతి బృందం లోకంలో వదిలిన మార్పుల చిట్టా అనే మూడు నమోదులు ఉంటే ఈ భారం తగ్గుతుంది; చిట్టా రాసే పని ఆటగాళ్లకు అప్పగిస్తే వారికి లోకంపై మమకారం కూడా పెరుగుతుంది.

బృందాలను ముఖాముఖి కలపడం పండుగలాంటి సందర్భమే అయినా, తరచుగా జరిగితే వెలవెలబోతుంది. నేరుగా పోరాటంలో కలిపినప్పుడు పై స్థాయి పాత్రలు శత్రునాయకుడిని, కింది స్థాయి పాత్రలు వంతెనను, కోటద్వారాన్ని, శరణార్థుల బండ్లను చూసుకునేలా ఒకే యుద్ధంలో వేర్వేరు లక్ష్యాలను పెట్టడం అనుభవంలో నిలిచిన పద్ధతి.

తెలుగు వీరగాథల్లో సదృశ నిర్మాణం

బల్లమీది పాత్రధారణ ఆట తెలుగువారికి కొత్తదే అయినా, వేర్వేరు స్థాయుల బృందాలను ఒకే కథాలోకంలో నడిపే నైపుణ్యం తెలుగు మౌఖిక సంప్రదాయానికి చిరపరిచితం. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని పాడే వీరగాథా చక్రం ఇందుకు మేటి ఉదాహరణ. అందులో పై అంచెలో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు, గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ రాజ్యాల మధ్య ఎత్తులు వేస్తారు. కోడిపోరులో మాచర్ల పక్షం ఓటమి వారి వనవాసానికి దారితీస్తుంది. మధ్య అంచెలో అలరాజు మాచర్ల పక్షాన రాయబారిగా వెళ్లి విషప్రయోగానికి బలి అవుతాడు. కింది అంచెలో బ్రహ్మనాయుడి కుమారుడు బాలచంద్రుడు, వేర్వేరు కులాల నుంచి వచ్చిన అతని తోటి యువకులు బొంగరాలాటలో ఉండగానే యుద్ధం వార్త వారిని తాకుతుంది. పెద్దల నిర్ణయం పిల్లల విధిగా మారడం, పిల్లల ఆవేశం పెద్దల సంధి ప్రయత్నాన్ని దాటిపోవడం అనే రెండు దిశల ప్రవాహమే ఈ గాథకు ప్రాణం. వీరవిద్యావంతులు ఒక్కో రాత్రి ఒక్కో కథను పాడినా, వినేవారికి మొత్తం లోకం ముందే తెలుసు.

కారంపూడిలో ఏటా కార్తీక మాసంలో జరిగే వీరారాధన ఉత్సవాలు ఈ నిర్మాణాన్ని ఆచరణలో చూపిస్తాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే ఐదు రోజుల క్రమంలో గాథలోని ఘట్టాలు పునరావృతమవుతాయి. వీరాచారవంతుల కుటుంబాలు తమ తమ వీరుల ఆయుధాలను మోసుకొని వస్తాయి. ఇక్కడ కథ ఒకరిది కాదు, ఒక్కో వంశం ఒక్కో వీరుడి భారాన్ని వహిస్తుంది. ఇది ఆట కాదు, ఆరాధన. ఆ భేదాన్ని గౌరవిస్తూనే, అనేక బృందాలు ఒకే కాలక్రమానికి కట్టుబడి ఒక గాథను సజీవంగా ఉంచే తీరు ఇందులో గమనించదగినది. యాదవ వీరుల కాటమరాజు కథాచక్రంలోనూ తాతల తరం నుంచి కాటమరాజు తరం దాకా కథలు విడివిడిగా పాడబడుతూనే ఒకదానికొకటి అల్లుకొని ఉంటాయి. పెండ్రాగన్ తరహా తరాల రూపానికి ఇది దగ్గరి నిర్మాణం.

సిర్గిట్టి నేపథ్యంగా ఒక నమూనా

పరాయి కోటలు, డ్రాగన్లు లేకుండానే బహుబృంద క్యాంపెయిన్‌ను తెలుగువారి జీవితానుభవం మీద నిర్మించవచ్చని చూపడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలోని సిర్గిట్టి ప్రాంతాన్ని నేపథ్యంగా ఊహించుకోవచ్చు. బిలాస్‌పూర్ మూడు డివిజన్లు గల ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. కోర్బా గనుల బొగ్గు ఈ మార్గాల మీదుగానే దేశంలోని విద్యుత్ కేంద్రాలకు తరలుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి ఈ మార్గం వెంట స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇంట తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ వినిపిస్తాయి. పాత్రధారణకు భాషాభేదం గొప్ప సాధనం.

ఇలాంటి నమూనాలో కింది అంచె బృందం ట్రాక్ గ్యాంగుది: మేట్, కీమ్యాన్, ట్రాక్‌మన్‌లు. మధ్య అంచె బృందంలో లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్, స్టేషన్ మాస్టర్, పాయింట్స్‌మన్ ఉంటారు. పై అంచెలో సెక్షన్ కంట్రోలర్, డివిజన్ అధికారులు. ఉదయాన్నే పట్టాల వెంట నడుస్తూ కీలు బిగించే కీమ్యాన్ పట్టా విరిగిన చోటును మొదట చూస్తాడు. అతని దగ్గర అధికారం లేదు, ఎర్ర జెండా, బండి చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే డిటోనేటర్లు ఉన్నాయి. బ్రాడ్‌గేజ్ నియమం ప్రకారం విరిగిన చోటు నుంచి 600 మీటర్ల దూరంలో ఒక డిటోనేటర్, 1,200 మీటర్ల దూరంలో పది మీటర్ల ఎడంతో మూడు అమర్చాలి. ఎదురుగా బొగ్గు బండి వస్తుంటే, ఆ దూరం పరుగెత్తగలడా లేదా అన్నది కింది అంచె సెషన్. ఆ కబురు కాషన్ ఆర్డర్‌గా, అంటే జాగ్రత్తగా నడపాలన్న ఆదేశంగా, లోకో పైలట్ చేతికి చేరడం మధ్య అంచె సెషన్. లైన్ బ్లాక్ ఇచ్చి, అంటే ఆ మార్గంలో బండ్లను ఆపి, మరమ్మతు చేయించాలా, వెనుక నిలిచిన ప్రయాణికుల బండ్లను ముందు పంపాలా అన్నది పై అంచె సెషన్. కాలాన్ని ఒక అక్షం మీద, స్టేషన్లను మరో అక్షం మీద ఉంచి ప్రతి బండి గమనాన్ని గీసే కంట్రోల్ చార్టు లాంటిదే నిర్వాహకుల కాలక్రమ పట్టిక కూడా. రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడే సంఘటన పుడుతుంది.

ఈ నమూనాలో హోదా ఎక్కువ కావడం వల్ల పై అంచె వారికి అన్నీ తెలియవు. హోదా తక్కువ కావడం వల్ల కింది అంచె వారి పని చిన్నది కాదు. ఆటగాడు ఒక వారం ట్రాక్‌మన్‌గా, మరో వారం కంట్రోలర్‌గా కూర్చున్నప్పుడు, తాను ఇచ్చిన ఆదేశం ఎండలో ఎవరి వీపు మీద పడుతుందో అతనికి అనుభవంలోకి వస్తుంది.

ఇటీవలి కాలం

క్రిటికల్ రోల్ అనే వెబ్ కార్యక్రమం 2015 నుంచి పాత్రధారణ ఆటను లక్షలాది ప్రేక్షకుల ముందు ఉంచింది. దాని మూడో క్యాంపెయిన్ చివరి భాగంలో తొలి రెండు క్యాంపెయిన్ల వీరులు కొత్త బృందంతోపాటు ఒకే సంకటాన్ని ఎదుర్కొన్నారు. 2025 అక్టోబరులో బ్రెన్నన్ లీ మలిగన్ నిర్వహణలో ఆరంభమైన నాలుగో క్యాంపెయిన్ 13 మంది ఆటగాళ్లను మూడు బల్లలుగా విడదీసి ఒకే లోకంలో నడిపింది. తొలినాటి పెద్ద బల్లల పద్ధతి కొత్త తరానికి మళ్లీ పరిచయం కావడానికి ఇటువంటి ప్రయత్నాలు తోడ్పడుతున్నాయి.

ప్రాముఖ్యం

బహుబృంద క్యాంపెయిన్ ప్రతి బల్లకూ తగినది కాదు. ముగ్గురు నలుగురు ఆటగాళ్లు నెలకొకసారి కలిసే చోట ఒకే బృందం మేలు. ఆటగాళ్లు ఎక్కువై, తీరికలు కుదరక, క్యాంపెయిన్ ఏళ్ల తరబడి సాగాలని కోరుకునే చోట ఈ పద్ధతి అక్కరకు వస్తుంది. ఒక వీరుడి మరణంతో కథ ఆగిపోదు, ఒక ఆటగాడి బదిలీతో బృందం కూలిపోదు; కొత్తగా వచ్చినవారు మొదటి మెట్టు దగ్గరే తమ కథను వెతుక్కోగలుగుతారు. అంతకంటే ముఖ్యంగా, ఏ ఘనకార్యం వెనుకనైనా పేరు తెలియని వారి పని ఉంటుందని ఈ పద్ధతి ఆటగాళ్ల చేత ఆడించి నేర్పుతుంది. బలం వేరైనా బాధ్యత వేరు కాదన్న సత్యాన్ని నియమాలుగా, లెక్కలుగా, వంతులుగా మలచగలగడం పాత్రధారణ ఆట సాధించిన విలువైన ఫలితాలలో ఒకటి.